పెరుమాళ్ మురుగన్: పేరు తెచ్చిన నవల, ఆ తర్వాతి దశాబ్దం

తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుబాగన్' 2010లో వెలువడింది. 2013లో ఆంగ్లానువాదం రావడంతో దానికి దేశవ్యాప్త గుర్తింపు లభించింది. మరో ఏడాది గడిచేసరికి ఆ నవల ప్రతులను రచయిత సొంత ప్రాంతంలోనే తగులబెట్టారు. 2015 జనవరిలో ఆయన తనలోని రచయిత మరణించాడని ప్రకటించారు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 2023లో ఆయన మరో నవల అంతర్జాతీయ బుకర్ బహుమతి తొలి జాబితాకు చేరింది. ఒక పుస్తకానికి దక్కిన విజయం దాన్ని రాసిన మనిషి ఉద్యోగాన్ని, నివాసాన్ని, చివరికి వాక్యం రాసే పద్ధతిని సైతం ఎలా మార్చగలదో చెప్పడానికి ఇటీవలి భారతీయ సాహిత్యంలో ఇంతకు మించిన ఉదాహరణలు అరుదు.

విజయానికి ముందు

మురుగన్ 1966లో నేటి నామక్కల్ జిల్లాలోని తిరుచెంగోడు సమీపంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తండ్రి సేద్యంతో పాటు సినిమా హాలులో సోడా దుకాణం నడిపేవారు. ఆ హాలు పరిసరాలే తర్వాత 'నిళల్ ముట్రం' నవలకు నేపథ్యమయ్యాయి. తొలి నవల 'ఏరువెయిల్' 1991లో వచ్చింది. 2000లో ప్రచురితమైన 'కూళమాదారి' మేకలు కాచే దళిత బాలుడి జీవితాన్ని చిత్రించింది. అదే ఏడాది కొంగునాడు మాండలిక పదాలతో ఆయన రూపొందించిన నిఘంటువు కూడా వెలువడింది.

వృత్తిరీత్యా ఆయన ప్రభుత్వ కళాశాలలో తమిళ అధ్యాపకులు. భారతీయ భాషల రచయితల్లో అత్యధికుల మాదిరిగానే ఆయనకు కూడా జీతమే జీవనాధారం. 'మాదొరుబాగన్' నాటికి ఆయన రెండు దశాబ్దాలుగా రాస్తున్న రచయిత. తమిళ సాహిత్య వర్గాల్లో గౌరవం ఉంది, అయితే ఆ వలయం వెలుపల ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే.

నవల, దాని అనువాదం

'మాదొరుబాగన్' అంటే శరీరంలో ఒక భాగాన స్త్రీని ధరించినవాడు, అనగా తిరుచెంగోడు కొండపై వెలసిన అర్ధనారీశ్వరుడు. వలస పాలన కాలంలో కాళి, పొన్నా అనే రైతు దంపతుల కథ ఇది. పరస్పరం ఎంతో అన్యోన్యంగా ఉండే వారికి సంతానం లేదు. ఊరి మాటలు, బంధువుల ఎత్తిపొడుపులు ఆ దాంపత్యాన్ని క్రమంగా ఎలా కుంగదీశాయన్నదే ఇతివృత్తం. స్వామి రథోత్సవాల చివరి రాత్రి సంతానం లేని స్త్రీలు అపరిచితులతో కలిసే ఆచారం ఉండేదన్న ప్రస్తావన కథలో కీలకం. వివాదానికి మూలమైంది ఆ ఘట్టమే.

తమిళంలో కాలచ్చువడు సంస్థ ప్రచురించిన ఈ నవల నాలుగేళ్ల పాటు ఎలాంటి అలజడీ లేకుండా చదువరుల చేతుల్లో తిరిగింది. అనిరుద్ధన్ వాసుదేవన్ చేసిన ఆంగ్లానువాదాన్ని పెంగ్విన్ ప్రచురించడంతో సమీక్షలు, సాహిత్యోత్సవాలు, జాతీయ పత్రికల్లో చర్చ మొదలయ్యాయి. మొదటి నవల ముగింపులో మిగిలిన ప్రశ్నకు సమాధానంగా మురుగన్ రెండు కొనసాగింపులు రాశారు. కాళి మరణిస్తే ఏమవుతుందన్నది 'ఆలవాయన్'లో, జీవిస్తే ఏమవుతుందన్నది 'అర్ధనారి'లో చిత్రించారు. పాఠకాదరణ పొందిన పాత్రలను వెంటనే విడిచిపెట్టకుండా రెండు దారుల్లో నడిపించిన ఆ కాలం రచయితగా ఆయనకు అత్యంత ఫలవంతమైనది.

వివాదం, మౌనం

2014 డిసెంబరులో పరిస్థితి తారుమారైంది. నవలలోని కొన్ని పుటల నకళ్లు తిరుచెంగోడులో పంపిణీ అయ్యాయి. తమ ఊరిని, దేవుణ్ని, స్త్రీలను కించపరిచారంటూ కొన్ని కుల, మత సంఘాలు ఆందోళనకు దిగాయి. డిసెంబరు 26న పుస్తకం ప్రతులను దహనం చేశారు. జనవరి 9న పట్టణంలో బంద్ జరిగింది. జనవరి 12న నామక్కల్‌లో జిల్లా అధికారుల సమక్షంలో శాంతి సమావేశం ఏర్పాటైంది. రచయిత బేషరతు క్షమాపణ చెప్పి, అమ్ముడుపోని ప్రతులను వెనక్కి తీసుకోవడానికి సమ్మతిస్తూ అక్కడ సంతకం చేశారు.

ఆ వెంటనే ఆయన ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన ఉంచారు. రచయిత పెరుమాళ్ మురుగన్ మరణించాడని, అతడు దేవుడు కాడు గనుక తిరిగి లేవడని, ఇకపై పి. మురుగన్ అనే సామాన్య ఉపాధ్యాయుడు మాత్రమే జీవిస్తాడని అందులో పేర్కొన్నారు. తన పుస్తకాలన్నిటినీ ఉపసంహరించుకుంటున్నానని, వాటిని అమ్మవద్దని, నష్టపోయే ప్రచురణకర్తలకు పరిహారం చెల్లిస్తానని కూడా తెలిపారు. 'మాదొరుబాగన్' ఒక్కటే కాదు, పాతికేళ్లలో రాసిన నవలలు, కథలు, కవితలు, వ్యాసాలు అన్నీ ఆ జాబితాలో చేరాయి. అనంతరం మురుగన్, అధ్యాపకురాలైన ఆయన భార్య చెన్నైకి బదిలీపై వెళ్లారు. రచనలన్నిటి నేలను, భాషను ఇచ్చిన కొంగునాడుకు రచయిత దూరమయ్యారు.

న్యాయస్థానం చెప్పినది

శాంతి సమావేశంలో కుదిరిన ఒప్పందాన్ని సవాలు చేస్తూ తమిళనాడు అభ్యుదయ రచయితలు, కళాకారుల సంఘం బాధ్యులు హైకోర్టును ఆశ్రయించారు. పుస్తకంపై నిషేధం, రచయితపై క్రిమినల్ చర్యలు కోరుతూ మరికొందరు పిటిషన్లు వేశారు. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ పుష్పా సత్యనారాయణలతో కూడిన ధర్మాసనం 2016 జులై 5న తీర్పు వెలువరించింది. నవల అశ్లీలమన్న వాదనను తోసిపుచ్చింది. శాంతి సమావేశపు ఒప్పందానికి కట్టుబడవలసిన అవసరం లేదని స్పష్టం చేసింది. పుస్తకం నచ్చనివారికి దాన్ని చదవకుండా పక్కన పెట్టే స్వేచ్ఛ ఉందని గుర్తుచేసింది. రచయిత తనకు బాగా చేతనైన పనికి, అనగా రచనకు, పునరుజ్జీవితుడు కావాలన్న ఆకాంక్షతో తీర్పును ముగించింది. ఇటువంటి సందర్భాల్లో పోలీసులు, అధికారులు స్వయంగా తీర్పరులు కాకుండా సాహిత్యం, కళలు తెలిసిన నిపుణుల సలహా తీసుకునే ఏర్పాటు ఉండాలని ప్రభుత్వానికి సూచించింది.

తిరిగి రాయడం

తీర్పు పుస్తకాలను తిరిగి అంగళ్లకు చేర్చింది. రాసే అలవాటును తిరిగి ఇవ్వడం మాత్రం ఏ న్యాయస్థానం చేతిలోనూ లేదు. 2016 ఆగస్టులో దిల్లీలో జరిగిన సభలో మురుగన్ తిరిగి పాఠకుల ముందుకు వచ్చారు. ఆనాడు విడుదలైన 'కోళయిన్ పాడల్గళ్', అనగా పిరికివాడి పాటలు, మౌనకాలంలో ఎవరికీ చూపకుండా రాసుకున్న కవితల సంపుటి. తనలోపల ఇప్పుడొక సెన్సారు అధికారి తిష్ఠవేసి పుట్టే ప్రతి పదాన్నీ పరీక్షిస్తున్నాడని ఆయన ఆ సందర్భంగా చెప్పారు.

ఆ మాట ఎంత నిజమో తదుపరి నవల 'పూనాచ్చి' చూపింది. మనుషుల గురించి రాయాలంటే భయమని, దేవుళ్ల గురించి రాయాలంటే మరింత భయమని, ఆవులు, పందుల జోలికి వెళ్లే వీలే లేదని, ఇక మిగిలింది మేకలేనని ఆయన ముందుమాటలో పేర్కొన్నారు. ఒక నల్ల మేకపిల్ల జీవితచరిత్రగా సాగే ఈ నవలలో మేకలకు చెవులు కుట్టి లెక్క రాసే ప్రభుత్వం, దాన్ని చూసి వణికే ప్రజలు కనిపిస్తారు. కుల నామాలు, ఊరి పేర్లు రాయలేని స్థితి నుంచే ఆయన కొత్త కథన పద్ధతిని సాధించారు. ఎన్. కల్యాణ రామన్ ఆంగ్లానువాదం 2018లో తొలి జేసీబీ సాహిత్య బహుమతి తుది జాబితాలో నిలిచింది. గాయకుడు టి.ఎం. కృష్ణ కోసం మురుగన్ పంచభూతాలపై కీర్తనలు రాయడం కూడా ఈ దశలోనిదే.

పాత పుస్తకాలకు కొత్త జీవితం

విశేషమేమంటే, ఆ తర్వాత వచ్చిన అతిపెద్ద గుర్తింపులు మౌనానికి ముందు రాసిన నవలలకే దక్కాయి. 'మాదొరుబాగన్' ఆంగ్లానువాదం 2018లో అమెరికా జాతీయ పుస్తక పురస్కారపు అనువాద విభాగం తొలి జాబితాలో చోటు సంపాదించింది. కులాంతర వివాహం చేసుకున్న జంటను ఊరు వెంటాడే కథ 'పూక్కుళి' 2013 నాటిది. దాని ఆంగ్లరూపం 2023లో అంతర్జాతీయ బుకర్ తొలి జాబితాకు ఎంపికైంది. ఆ జాబితాకు చేరిన తొలి తమిళ నవల అదే. భూమి పంపకంలో అన్యాయానికి గురై కొత్త నేలను వెతుక్కుంటూ వెళ్లే రైతు కథ 'ఆళండాప్పట్చి' 2012లో వచ్చింది. జనని కన్నన్ చేసిన అనువాదానికి 2023లో జేసీబీ బహుమతి లభించింది. ఆ బహుమతి కింద రచయితకు 25 లక్షల రూపాయలు, అనువాదకులకు 10 లక్షల రూపాయలు అందజేసేవారు.

దీన్నిబట్టి రెండు విషయాలు తేటపడతాయి. భారతీయ భాషల రచయితకు విజయం తరచూ ఆలస్యంగా, అనువాదకుల చేతుల మీదుగా అందుతుంది. అప్పటికి రచయిత ఆ పుస్తకాన్ని దాటి చాలా దూరం వచ్చేసి ఉంటాడు. అదే అనువాదం కథను దాని నేలకు, మాండలికానికి పరిచయం లేని పాఠకులకు చేరుస్తుంది. దూరాన వచ్చిన కీర్తి స్వస్థలానికి తిరిగి చేరేటప్పుడు ఎలాంటి రూపం దాలుస్తుందో రచయిత ముందుగా ఊహించలేడు.

పురస్కారాల జాబితా చూసినవారికి మురుగన్ కథ సుఖాంతంగా తోచవచ్చు. ఆయన పుస్తకాలన్నీ నేడు అందుబాటులో ఉన్నాయి. వాటిని ఉపసంహరించుకున్న ప్రకటనకు ఇప్పుడు విలువ లేదు. అయితే మౌనంలో గడిచిన పద్దెనిమిది నెలల్లో రావలసి ఉండి రాని పుస్తకాలను, ఆ తర్వాత పుట్టకముందే లోపలి సెన్సారు కొట్టివేసిన వాక్యాలను ఏ జాబితా నమోదు చేయదు.