నానో ఔషధాలు: స్త్రీపురుష భేదం
నానో ఔషధమంటే సుమారు 100 నానోమీటర్ల కణంలో పొదిగిన మందు. దాన్ని రక్తం నుంచి ఎక్కువగా ఏరివేసేవి కాలేయం, ప్లీహాల్లోని మాక్రోఫేజ్‌లు, అంటే రోగనిరోధక వ్యవస్థకు చెందిన భక్షక కణాలు. ఈ వ్యవస్థ స్త్రీలలో, పురుషులలో ఒకేలా నడవదు. ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ దాన్ని వేర్వేరుగా ప్రభావితం చేస్తాయి. టీఎల్ఆర్-7 వంటి కీలక రోగనిరోధక జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి. అందుచేత మామూలు మాత్రల కన్నా నానో ఔషధాల విషయంలోనే స్త్రీపురుష భేదాన్ని మరింత శ్రద్ధగా వెతకాలి.

అమెరికాలో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ (డాక్సోరూబిసిన్‌ను లైపోజోమ్ అనే కొవ్వు బుడగలో ఉంచిన క్యాన్సర్ మందు) స్త్రీల రక్తం నుంచి నెమ్మదిగా తొలగుతున్నట్టు రోగుల పరిశీలనల్లో కనిపించింది. ఇది శరీర పరిమాణంలోని తేడా మాత్రమేనని కొందరంటారు. కానీ ఈ మందు మోతాదును ముందే శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కకడతారు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది: ఈ మందు వాడే జబ్బుల్లో అండాశయ క్యాన్సర్ స్త్రీలకే వస్తుంది, కపోసి సార్కోమా అనే క్యాన్సర్ రోగుల్లో అధికులు పురుషులు, కాబట్టి తేడా జబ్బుదే కావచ్చు. ఇది న్యాయమైన సందేహమే. అయితే అది భేదం లేదని రుజువు చేయదు, ఒకే జబ్బున్న స్త్రీపురుషులను పోల్చి చూడమంటుంది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు సైతం దాత లింగాన్ని బట్టి నానోకణాలను వేర్వేరు మోతాదుల్లో లోపలికి తీసుకున్నాయి. అక్కడ జబ్బు ప్రస్తావనే లేదు. కొవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలు లిపిడ్ నానోకణాల్లోనే వచ్చాయి. వాటి తర్వాత తీవ్ర అలర్జీ ఎక్కువగా స్త్రీలలో, గుండె కండర వాపు ఎక్కువగా యువకులలో నమోదయ్యాయి. ఇందులో కణం వాటా ఎంతో, ఎంఆర్ఎన్ఏ వాటా ఎంతో విడదీయాలంటే ఫలితాలను స్త్రీలకూ పురుషులకూ వేరువేరుగా ప్రచురించాలి.