బండి ఆపినంకనే అసలు పని

ఇంకో రెండు మొద్దులు ఎగదొయ్యిరా, మంట తగ్గుతున్నది. ఆదిలాబాదు చలి ఉత్తది కాదు, నేను కాదన. గని పొద్దుగాల మోటరుసైకిలు స్టార్టు అయితలేదని చిన్నోడు కిక్కు మీద కిక్కు కొట్టబట్టె, చూసి నవ్వచ్చింది. బండి పొద్దుగాల మొరాయిస్తె తప్పు పొద్దుగాలది కాదురా, రాత్రిది. ఈ ముచ్చట నాకు సియాచిన్‌ల తెలిసింది.

నేను ఫౌజుల, ఈఎంఈల వెహికల్ మెకానిక్‌ను గద. ట్రైనింగు ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులనే. జీపులు, శక్తిమాన్ లారీలు విప్పుడు, బిగించుడు నేర్సుకున్నం. మంచు మీద ఉరికే బండి ఒకటుంటదని కలల గూడ అనుకోలే. లేహ్ నుంచి ఖార్దుంగ్ లా దాటి, నుబ్రా లోయల దిగి, బేస్ క్యాంపు చేరినంక చూసిన దాన్ని. ఆ క్యాంపే 12,000 అడుగుల ఎత్తుల ఉంటది. అక్కడికెళ్లి పైకి గ్లేసియర్, 76 కిలోమీటర్ల పొడుగు. 1984 ఏప్రిల్ 13న మనోళ్లు హెలికాప్టర్లల్ల పోయి మీది కనుమలు పట్టుకునుడు షురూ చేసిన్రు. నేను పోయేటాళ్లకు పోస్టులన్ని కుదురుకున్నయి. సామాను చీతా హెలికాప్టర్లు తెచ్చేటివి, అవి దించలేని కాడికి మనిషే మోసుకపోవాలె. నడుమల సాఫు జాగ దొరికిన కాడ స్నో స్కూటర్. దాని ఎన్క స్లెడ్జి కట్టి కిరోసిన్ జెరికేన్లు, రేషను, ఒక్కొక్కపారి మంచుకాటు తగిలిన జవాను.

ముంగట రెండు స్కీలు, హ్యాండిలు తిప్పితె అవి తిరుగుతయి. ఎన్క చక్రం ఉండదు. వెడల్పు రబ్బరు పట్టా ఒకటి గుండ్రంగ తిరుగుతది, దాన్ని ట్రాక్ అంటరు. పట్టా మీద రబ్బరు పళ్లు, లోపట చిన్న చిన్న గిల్కలు. ఆ మొత్తాన్ని మీదికెళ్లి అల్యూమినియం డొప్ప కప్పుతది, దానికి టన్నెల్ అని పేరు. అసలు తిప్పలంత ఆ డొప్ప కిందనే.

మంచు మనకు శత్రువు అనుకుంటరు గని, గడ్డ చలిల మంచు ఏం చెయ్యదురా. సున్నాకు కింద ఇరవై, ముప్పై డిగ్రీలు ఉన్నప్పుడు అది పొడిపొడిగ ఉంటది, పిడికిట్ల ఎంత పిసికినా ముద్ద కాదు. ట్రాక్ దాన్ని ఎగజిమ్ముతది, రాలిపోతది. కరిగినప్పుడే కష్టం. కరిగిచ్చేదెవరు? మన ఇంజనే. ఇంజన్ వేడి, సైలెన్సర్ వేడి డొప్పకు ఎక్కుతది. కిందికెళ్లి ఎగిరిన మంచు ఆ వేడికి తగిలి నీళ్లయితది. బండి ఉరుకుతున్నంత సేపు ఆ నీళ్లు కొన్ని చిమ్ముకపోతయి. ఆపినవా, ఇగ చూడు. ఇంజన్ బందు చేసినా వేడి జరసేపు ఉంటది గద, అంటుకున్న మంచంత మెల్లగ కరిగి గిల్కల సందుల్లకు, పట్టా మీదికి కారుతది. తర్వాత చల్లబడి, బెల్లం పాకం మూకుడుకు పట్టినట్టు గట్టిగ పట్టుకుంటది. స్కీల అడుగు భూమికి కరుసుకుంటది, ట్రాక్ డొప్పకు కరుసుకుంటది.

మా ఉస్తాద్ గఢ్వాల్ ఆయన, తక్కువ మాట్లాడేటోడు. ఆయన రివాజు ఒకటే: దిగినోడు టెంటుకు పోవద్దు. ముందుగాల ఇంజన్ నడుస్తుండంగనే ఎన్కభాగం లేపి స్టాండు మీద పెట్టాలె. కొంచెం రేసు ఇచ్చి ట్రాక్‌ను ఉత్తగ తిప్పాలె. మస్తు మంచు అప్పుడే రాలిపోతది. ఎన్క ఎవ్వరు నిలబడొద్దు, పట్టాల ఇరుక్కున్న మంచుపెళ్ల గుండులెక్క వస్తది. ఇంజన్ ఆపినంక మిగిలినదాన్ని కొట్టాలె, కట్టెతోనో రబ్బరు సుత్తెతోనో. ఇనుప సుత్తె పట్టినవా, ఆ చలిల రబ్బరు, ప్లాస్టిక్కు పెళుసైతయి, పళ్లు పగిలి ఊడొస్తయి. గ్లోవులు గూడ తియ్యద్దు. ఒట్టి చేత్తోని ఇనుము పట్టుకుంటె తోలు దానికే అంటుకుంటది.

ఇగ బండిని కింద మంచు మీద నిలపొద్దు. ఖాళీ జెరికేన్లకు మాకు కరువు లేదు, రేషన్ పెట్టెల పలకలు గూడ ఉండేటివి. స్కీల కింద పలకలు పరిచి, ట్రాక్ కింద జెరికేన్లు అణగ్గొట్టి పెట్టి, మీదికెళ్లి తార్పాలిన్ కప్పేటోళ్లం. స్కీల అడుగుకు మైనం రుద్దేది. ఇప్పుడు సిలికాన్ స్ప్రే వచ్చింది, డొప్ప లోపట కొడితె మంచు తొందరగ పట్టదు. గ్రీజు, డీజిల్ మాత్రం ట్రాక్‌కు తగలొద్దు, రబ్బరు ఉబ్బి పాడైతది.

వేడినీళ్లు పోస్తె ఒడుస్తది గద తాతా అంటవ్. అక్కడ నీళ్లంటె నల్లా తిప్పితె వచ్చేటివి కాదు బిడ్డా. స్టవ్వు మీద మంచు కరిగిస్తెనే చాయకు, గంజికి నీళ్లు. ఆ కిరోసిన్‌ను గూడ మనిషే మోసుకొచ్చిండు. పోసినా, ఆ నీళ్లు బేరింగుల్లకు పోయి మళ్ల గడ్డకడతయి.

ఈ రబ్బరు పట్టా ఆలోచన కెనడాల పుట్టింది, కోర్సుల చెప్పిన్రు. క్యూబెక్ దిక్కు వాల్‌కోర్ అనే ఊర్ల బొంబార్డియే అని ఒక మెకానిక్. 1934ల ఆయన రెండేండ్ల కొడుకుకు కడుపుల జబ్బు చేసింది, తొవ్వలన్ని మంచుల మునిగి దవఖానకు తీస్కపోలేకపోయిండ్రు, పిలగాడు చచ్చిపోయిండు. ఆయన 1937ల పేటెంటు తీసుకున్నది దేనికంటె, రబ్బరు తొడిగిన పళ్ల చక్రానికి, దాని మీద తిరిగే పట్టాకు. రబ్బరు వంగుతది, వంగినప్పుడల్ల పట్టిన పెళ్లలు ఊడుతయి. మెకానిక్‌ను గనుక నాకు ఆయన మీద మస్తు గౌరవం.

అట్లని మంచు అసలే తగలొద్దు అనుకునేరు. పట్టా లోపట ప్లాస్టిక్ పట్టీల మీద జారుతది, ఆ పట్టీలకు మంచే నూనె. నున్నటి నీలం ఐసు మీద దూరం ఉరికిస్తె పట్టీలు వేడెక్కి అరిగిపోతయి. అందుకే పక్కకు జరిగి మెత్తటి మంచుల నడిపి, మళ్ల తొవ్వకు వచ్చేటోళ్లం. జూన్, జులైల ఇంకో తీరు. ఎండెక్కితె మీద మంచు కనిపిస్తది, కింద నీళ్లుంటయి. అండ్ల ఆగినవా, అయిపోయినవ్. అండ్లకెళ్లి ఆగకుంట బయటికొచ్చి, పొడి మంచు మీద నిలిపి, గిల్కలన్ని దులుపుకోవాలె. పగుళ్ల భయానికి మా నడకలు ఎట్లయినా రాత్రి, తెల్లారుజామునే. ఆ యాళ్లకు మంచు పొడిగుండుడు బండికి గూడ మేలే.

ఒకపారి కొత్తగ వచ్చిన పోరడొకడు చలికి తట్టుకోలేక బండిని వచ్చినకాడనే ఇడిసిపెట్టి టెంటుల బుఖారీ పొయ్యి కాడికి ఉరికిండు. తెల్లారి స్టార్టు అయితె అయింది, కదలదు. అట్లాంటప్పుడు ఒక్కొక్క స్కీని చేత్తోని లేపి ఊడదియ్యాలె, బండిని పక్కలకు ఊపాలె, ట్రాక్ తిరుగుతుందా అని చూడాలె, తర్వాతనే రేసు. వాడు సీదా ఫుల్లు రేసు ఇచ్చిండు. ట్రాక్ కదలలే, లోపట డ్రైవ్ బెల్టు మాత్రం గిరగిర జారి కాలింది. ఆ వాసన టెంటు దాక వచ్చింది.

ఉస్తాద్ కొట్టలే, తిట్టలే. బానెట్ లేపి చూసి, స్పేరు బెల్టు కింద క్యాంపులనే ఉందన్నడు. వారం పొడుగూత మబ్బు, హెలికాప్టర్ ఎగరలే. బెల్టు వచ్చేదాక మీది పోస్టుకు కిరోసిన్ మేమే ఈపు మీద మోసినం. జెరికేన్ ఎత్తుకునేటప్పుడు అందరికన్న ముంగట ఆ పోరన్నే నిలబెట్టిండు ఉస్తాద్, దిగొచ్చినంక బండి కింద పలకలు గూడ వానితోనే పరిపించిండు.