నీటి కలక: చిల్లగింజ నుంచి సముద్రపు తొట్టి దాకా

హైదరాబాదులోని తార్నాక నుంచి సముద్రతీరానికి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఇక్కడి ఇంట్లో సముద్రపు తొట్టి పెట్టుకోవచ్చు. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున తగిన లవణాల మిశ్రమం కలిపితే సముద్రానికి దగ్గరగా ఉండే నీరు తయారవుతుంది. ఆ నీరు ఒక పొద్దున బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడితే, తొట్టి పెట్టుకున్నవారికి ముందుగా తోచే ప్రశ్న ఒక్కటే: దీన్ని తేట చేసేదెలా? నీటిని తేర్చడానికి మనుషులు పడిన పాట్లను వరసగా చూస్తే, ఆ ప్రశ్న రెండోదిగా రావాలని అర్థమవుతుంది. మొదట అడగవలసింది, ఇది దేని కలక అని. తేటదనమూ ఆరోగ్యమూ ఒకటి కావన్నది ఆ చరిత్ర మెల్లగా, కొన్నిచోట్ల బాధాకరంగా నేర్పిన పాఠం.

తెలుగు ఇళ్లలో ఈ కథ చిల్లగింజతో మొదలవుతుంది. వరద రోజుల్లో ఎర్రనీరు వస్తే చిల్లగింజను బాన లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. లేదా పటిక ముక్కను నీళ్లలో తిప్పేవారు. తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగి, పైన తేట మిగిలేది. బంకమట్టి రేణువులు ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి; పటిక ఆ ఆవేశాన్ని అణచి వాటిని గుంపుకట్టిస్తుంది, బరువెక్కినవి దిగిపోతాయి. ఈ పద్ధతి బాగా పనిచేయబట్టే కలకంటే మన్ననీ, తేరితే మంచినీరనీ నమ్మకం బలపడింది. 1829లో లండన్‌లోని చెల్సీలో జేమ్స్ సింప్సన్ కట్టిన ఇసుక వడపోత కూడా మడ్డిని ఆపడానికి ఉద్దేశించిందే. అలాంటి ఇసుక పడకల్లో అసలు పనిలో పెద్ద వాటా పైన పేరుకునే జిగురు పొరదనీ, అందులో బతికే సూక్ష్మజీవులదనీ తర్వాతి కాలంలో తేలింది. నీటిని బాగుచేసేది వడపోత ఒక్కటే కాదు, ప్రాణం కూడా అన్న ఆలోచనకు అది పునాది.

అక్వేరియం పుట్టుకలోనే ఆ ఆలోచన ఉంది. 1846లో ఆనా థిన్ అనే ఆమె సముద్రతీరం నుంచి లండన్‌కు రాతి పగడాలను తెచ్చి, నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పోయిస్తూ గాలి పట్టించి, వాటిని బతికించింది. 1850లో రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గాజు తొట్టిలో చేపలను, నీటి మొక్కలను కలిపి పెంచాడు. మొక్కల ఆకులు కుళ్లి నీరు కలక బారింది. ఆయన అందులో నత్తలను వదిలాడు. అవి కుళ్లును తినేయడంతో నీరు తేరుకుంది. కలకను తీసెయ్యకుండా, దాని మూలాన్ని తీసెయ్యడమే ఆ ప్రయోగంలోని గొప్ప. 1890 ప్రాంతంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ, అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియాను వేరుచేసి చూపించాడు. తెలుగు జిల్లాలు కలిసి ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1909లో మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచినప్పుడు సముద్రం గడప ముందే ఉంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు కృత్రిమ లవణ మిశ్రమాలు తర్వాత దారి చూపాయి. 1960లలో ఇండోనేసియాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవం నిండిన సముద్రపు రాళ్లనూ గాలి బుడగలనూ నమ్ముకుని తొట్టెలు నడిపి, రాయే వడపోత కాగలదని లోకానికి చెప్పాడు.

తేటనీటి మీద ఉన్న నమ్మకాన్ని గట్టిగా కదిలించిన సాక్ష్యం మాత్రం తార్నాకలోనే ఉంది. కూనూరు నుంచి 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తరలివచ్చిన పరిశోధనాలయమే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీరు తాగే పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న సంగతిని ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వైద్యలోకం ముందుంచారు. ఆ ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, మడ్డి లేదు. బావిలోంచి తోడిన నీరు అద్దంలా ఉన్నా ఎముకలను వంచింది. సముద్రపు తొట్టిలో అమ్మోనియా సంగతీ ఇంతే: చేపను చంపే మోతాదులో ఉన్నా నీరు తేటగానే కనిపిస్తుంది. కొత్త ఇసుక రేపిన దుమ్ము మాత్రం చూడటానికి భయంకరంగా ఉన్నా, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది.

కాబట్టి కలకను పరీక్షించాలి. ఒక గ్లాసులో తొట్టి నీరు పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టాలి. నిమిషంలో అడుగు నుంచి పైకి తేరుకుంటే అవి మోటారు గాలి పీల్చి వదిలిన సన్న బుడగలు. రాత్రికి రాత్రే అడుగున తెల్లని పొడి పేరుకుంటే అది ఇసుక ధూళో, లవణాలు విడిపోయి ఏర్పడిన కాల్షియం కార్బొనేటో కావాలి. వెనిగర్ చుక్కకు రెండూ పొంగవచ్చు కనుక, ముందురోజు తొట్టిలో ఏం వేశారన్నదే అసలు ఆధారం. అక్వేరియం అభిరుచిపరుడు పీటర్ విల్కెన్స్ పగడాల తొట్టెలకు ప్రచారం చేసిన సున్నపు నీరు, మన ఇళ్లకు తెలిసిన సున్నపు తేట లాంటిదే. దాన్ని చుక్కచుక్కగా వదిలితే కాల్షియం అందుతుంది. గ్లాసుడు ఒక్కసారి గుమ్మరిస్తే క్షారత్వం ఎగిసి నీరంతా తెల్లబడుతుంది. లవణాలు కలిపేటప్పుడు నీటిలో ఉప్పు వేయాలి తప్ప ఉప్పు మీద నీరు పోయకూడదనడం కూడా ఇందుకే. గ్లాసు ఎంతసేపున్నా పాలలా మసకగానే ఉంటే బాక్టీరియా పెరిగి ఉండవచ్చు. పచ్చగా ఉంటే నాచు కణాలు.

పరీక్షలెందుకు, నీరు మార్చేసినా తేర్చే మందు పోసినా సరిపోతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. మట్టి విషయంలో ఆ మాట నిజమే. చిల్లగింజ వందల ఏళ్లు నిలిచింది అందుకే. బాక్టీరియా మసకకు మూలం మిగిలిన మేత, చచ్చిన జీవి, లేదా ఇంకా కుదురుకోని కొత్త తొట్టి. మందు ఆ కణాలను గుంపుకట్టించినా వాటి ఆహారం అక్కడే ఉంటుంది. మసక మళ్లీ వస్తుంది. అతినీలలోహిత దీపం తేలే కణాలను చంపుతుంది, కుళ్లును తొలగించదు. అలాగని చేతులు కట్టుకు కూర్చోమనడం కాదు. బాక్టీరియా ఆక్సిజన్ లాగేస్తుంది కనుక వెంటనే గాలి పెంచాలి, మేత తగ్గించాలి, అమ్మోనియా కొలవాలి. అమ్మోనియా కనబడితే నీరు మార్చడమే సరైన మందు. మార్చే నీరు కూడా తెలిసిన నీరై ఉండాలి. ఇక్కడి బోరునీరు గ్రానైటు పొరల్లోంచి వచ్చే కఠిన జలం, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆర్‌ఓ నీరే క్షేమం.

సముద్రం లేనిచోట ఈ వేడుక ఎందుకన్న అభ్యంతరంలో బరువుంది. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరాల నుంచి తీసి తొట్టిలో పెట్టుకోవడం నేరం. ఆనా థిన్ చేసినట్టు నేడు చేయకూడదు, చేయనవసరమూ లేదు. పొడి రాళ్లతో, సక్రమంగా దొరికిన చేపలతో తొట్టి పెట్టినా వారింగ్టన్ నేర్చిన పాఠం ఆ నీటిలోనే ఉంటుంది. బతికిన రాయి, పనిచేసే బాక్టీరియా, మితమైన మేత కుదిరిన తొట్టిలో తేట దానంతట అదే వస్తుంది. అవి కుదరని తొట్టిలో నీరు అద్దంలా మెరిసినా, ఫ్లోరైడు బావిని గుర్తుపెట్టుకుని ఒకసారి కొలిచి చూడటమే మంచిది.