ఇరవై ఏడేళ్ళకే ముగిసిన ఆట

మన్నెగూడలో మా ఎదురింటి కుర్రాడికి ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బుల మీద ఉన్నంత మమకారం సొంత చుట్టాల మీద లేదు. మొన్నొక సాయంత్రం దిగాలుగా కనబడితే ఏమైందని అడిగాను. వాళ్ళ జట్టులోని మిడ్‌ఫీల్డరెవరో క్లబ్బు వదిలిపోతున్నాడట. "పోతే పోనీయండి అంకుల్. పదిహేడేళ్ళప్పుడు ఎంత ఊరించిండు! ఆఖరికి ఏం చేసిండు?" అన్నాడు. అప్పు ఎగవేసినవాణ్ణి గురించి మాట్లాడుతున్నట్టుంది అతని గొంతు.

తొలినాళ్ళలో మెరిసిన ఆటగాడు నిజంగా మనకేమైనా బాకీ పడతాడా? ఆ ప్రశ్నతో పాటే నాకు తులసీదాస్ బలరాం గుర్తుకొచ్చారు. సికింద్రాబాదు అవతలి అమ్ముగూడలో 1936లో ఒక తమిళ కుటుంబంలో పుట్టినవారు. సాగర్ రోడ్డు మీది మా గూడ నుంచి ఆ గూడకు పోవాలంటే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. మా కుర్రాడు ఆయన పేరే వినలేదు. తప్పు అతనిది కాదు.

బలరాంను ఈనాటి లెక్కలో మిడ్‌ఫీల్డర్ అనడం కుదరదు. ఆయనది ఎడమవైపు ఫార్వర్డ్ స్థానం. అయితే బంతి ఎప్పుడొస్తుందా అని గోలు ముందు కాచుకొని ఉండే తరహా కాదు. వెనక్కి దిగి బంతిని తానే తెచ్చుకొని, పక్కవాడికి దారి చూపే తరహా. కాళ్ళ కన్నా కళ్ళు ముందు పరుగెత్తే ఆటగాళ్ళు కొందరుంటారు; ఈయన ఆ కోవకు చెందినవారు.

ఆయన్ను పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన మహానుభావుడు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి మోసుకొచ్చిన జట్టది. (2024లో వచ్చిన "మైదాన్" సినిమా పుణ్యమా అని రహీం సాబు పేరు ఈ తరానికి కొంత తెలిసింది. సినిమా తీస్తే తప్ప మనకు మనవాళ్ళు కనబడరు కాబోలు.) రహీం శిక్షణకు రమ్మంటే, అంత దూరం వచ్చేందుకు డబ్బుల్లేవన్నారట బలరాం. అద్దె సైకిలుకయ్యే ఖర్చు రహీమే ఇచ్చారు. తరవాతి కాలంలో బలరాం పదేపదే తలుచుకున్న ముచ్చట ఇది.

ఇక ఆ మీదట జరిగినదంతా వేగంగా జరిగింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజుల్లోనే హైదరాబాదు జట్టు వరసగా రెండు సార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. మన ఆటగాళ్ళు అప్పటికే పట్టిన దారి అది. ఆ తరవాత హబీబూ, నయీముద్దీనూ వెళ్ళిందీ ఆ దారినే. నైజాం గడ్డ మీద మొలిచిన నారు హుగ్లీ ఒడ్డున పంటకొచ్చేది.

1960లో రోమ్. హంగరీతో మన జట్టు 1-2తో ఓడింది. ఆ ఒక్క గోలు బలరాం చేసినది. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైన ఫ్లోరియన్ ఆల్బర్ట్ అందులో ఉన్నాడు. పెరూతో ఓడిన ఆటలోనూ మన ఏకైక గోలు బలరాందే. రెండేళ్ళకు జకార్తాలో ఆసియా క్రీడలు. థాయిలాండు మీదా, జపాను మీదా గోళ్ళు చేశారు. 1962 సెప్టెంబరు 4న, మన దేశం పేరు వింటేనే మండిపడుతున్న జనసముద్రం నడుమ, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచాం. చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం – ఈ ముగ్గురినీ త్రిమూర్తులుగా బెంగాలు ఈనాటికీ చెప్పుకుంటుంది. పేర్ల వరసలో మనవాడు మూడోవాడుగానే వినిపిస్తారు.

1963 జూన్‌లో క్యాన్సరుతో రహీం కన్నుమూశారు. అదే ఏడాది ఊపిరితిత్తుల జబ్బు బలరాంను మైదానం నుంచి దించేసింది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు.

దీన్ని ఎలా తూచాలి? రెండు ఒలింపిక్స్, ఒక ఆసియా స్వర్ణం, అర్జున పురస్కారం చూపించి "ఇంకేం కావాలి?" అనేవారున్నారు. ఆ మాట సగమే ఒప్పుకుంటాను. వేగం మీద ఆధారపడే ఆటగాడు ఇరవై అయిదు దాటితే దిగజారవచ్చు. చూపు మీద ఆధారపడేవాడికి మాత్రం ఇరవై ఏడు అంటే అసలు ఆట మొదలయ్యే వయసు. కాలు కాస్త మందగించి, బుద్ధి పగ్గాలు చేతికి తీసుకునే సమయమది. సరిగ్గా అక్కడే బలరాం ఆగిపోయారు. అందుచేత ఆయన ప్రతిభ పూర్తిగా పండలేదనే నా మటుకు నేను అనుకుంటాను. అలా అనడం ఆయన్ను తక్కువ చేయడం కాదు. నిజానికి చూడని ఆ అయిదారేళ్ళను తలుచుకుంటేనే ఆయన కొలత తెలుస్తుంది.

చున్నీ గోస్వామి కూడా ఇంచుమించు అదే వయసుకు, 1964లో, దేశం తరఫున ఆడడం మానుకున్నారు. అయితే అది ఆయన ఇష్టం. ఆ తరవాత కూడా మోహన్ బగాన్‌కు ఆడారు, క్రికెట్‌లో బెంగాలు జట్టుకు రంజీలో నాయకత్వం వహించారు. ఒకరు తలుపు తీసుకొని బయటికి నడిచారు. మరొకరి మొహాన తలుపు పడింది. గణాంకాల పట్టికలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చున్నీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న ఆయన పోయేదాకా రాలేదు. ఇక భారత ఫుట్‌బాల్ జట్టు సంగతా? 1964లో ఆసియా కప్పులో రెండో స్థానం, 1970లో మన నయీముద్దీన్ నాయకత్వాన ఆసియా క్రీడల్లో కాంస్యం దక్కాయి. రోమ్ తరవాత ఒలింపిక్స్ గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. హైదరాబాదు పేరుతో 2019లో పుట్టిన క్లబ్బు 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఊరించి పోయినది ఆటగాళ్ళే కాదు మరి!

ఇదంతా మా కుర్రాడికి చెప్పాను. ఓపికగానే విన్నాడు. ఒలింపిక్స్ గురించీ పద్మశ్రీ గురించీ ఏమీ అడగలేదు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ ఎంత దూరమో ఫోనులో వెతికాడు. పన్నెండు కిలోమీటర్లకు పైనే ఉంది.

"రోజూ సైకిలు మీదనా?" అన్నాడు.

"అద్దె సైకిలు మీద," అన్నాను.