నాడి చూడాలా, ఊపిరి చూడాలా? – హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల కథ

శస్త్రచికిత్స అనగానే విద్యార్థులకు కత్తి పట్టిన డాక్టరు గుర్తుకు వస్తాడు. రోగి తలవైపు కూర్చుని మత్తు ఇచ్చే వ్యక్తి గుర్తుకు రాడు. ఆపరేషను చేసినవాని పేరు రోగి బంధువులు పదికాలాలపాటు చెప్పుకుంటారు. మత్తు ఇచ్చినది ఎవరని అడిగేవారు అరుదు. కాని ఆ రెండవ వ్యక్తి దేనిని కనిపెట్టుకొని ఉండాలి, రోగి నాడినా, ఊపిరినా అనే ప్రశ్నపై ఒకప్పుడు పెద్ద పెద్ద వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఆ తగవు తీర్చటానికి మన హైదరాబాదులోని వైద్యులు పూనుకున్నారు.

కథ కొంచెం వెనుకనుండి చెప్పాలి. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరుతో మత్తు ఇవ్వవచ్చునని పదిమంది ఎదుట నిరూపించాడు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫారాన్ని పరీక్షించాడు. ఎలా పరీక్షించాడనుకున్నారు? రాత్రి భోజనాలైన తరువాత ఇద్దరు మిత్రులతో కూర్చుని, ముగ్గురూ గ్లాసులలో పోసుకొని వాసన పీల్చారు. కొద్దిసేపటికి ముగ్గురూ బల్ల కింద ఉన్నారు! ఇటువంటి ప్రయోగాన్ని మన విద్యార్థులు ప్రయోగశాలలో చేయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

క్లోరోఫారం వాసన తియ్యనిది, కొద్దిపాటితోనే పని జరుగుతుంది, ఈథరువలె భగ్గున అంటుకోదు. మనవంటి ఉష్ణదేశానికి ఇంకొక సౌకర్యం కూడా ఉన్నది. ఈథరు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది. హైదరాబాదు వేసవిలో గది వేడిమి అంతకు మించుతుంది. సీసా మూత తీస్తే ఈథరు రోగి ముక్కును చేరకముందే గాలిలో కలిసిపోతుంది. క్లోరోఫారం మరుగు స్థానం 61 డిగ్రీలు. కాబట్టి ఇక్కడి ఆసుపత్రులలో క్లోరోఫారమే రాజ్యమేలిందంటే ఆశ్చర్యం లేదు.

అయితే ఆ తియ్యదనం వెనుక చేదు బయటపడటానికి మూడు నెలలైనా పట్టలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపాన హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకోవటానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాలలో మరణించింది. గోరు తీయటానికి ప్రాణం పోవటమా! ఆపరేషను అంటే ఆ పిల్ల చాలా భయపడిందని నాటి వృత్తాంతాలు చెబుతున్నవి. ఈ భయం మాట పాఠకులు మరచిపోకుండా ఉంచుకోవాలి. దానితో మళ్ళీ పని పడుతుంది.

ఇటువంటి మరణాలకు కారణమేమి? లండన్ వైద్యులలో చాలామంది గుండె హఠాత్తుగా ఆగటమే కారణమన్నారు. అందుచేత మత్తు ఇచ్చేవాని వేలు నాడిపై ఉండాలి. ఎడింబరోలో సైమ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని అనుయాయులు ఇందుకు ఒప్పుకోలేదు. ముందు ఆగేది శ్వాస, గుండె ఆ తరువాతనే ఆగుతుంది, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని వారి వాదం.

ఆ సైమ్ శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. 1885లో ఆయన హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయ్యాడు. గురువు మాటపై అచంచల విశ్వాసం కలవాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో తన విద్యార్థులకు నాడి ముట్టుకోవద్దని, ఊపిరి ఒక్కదానినే చూడుమని నేర్పాడు. ఆ పద్ధతిలో వేలకొద్దీ రోగులకు క్లోరోఫారం ఇచ్చినా మరణాలు లేవని చాటాడు. మత్తు ఇవ్వటం నేర్చినవారిలో 1885లో వైద్య పాఠశాలలో చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి కూడా ఉన్నది. మత్తువైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. అసలు తొలి స్త్రీ ఆమెయే అనేవారూ ఉన్నారు.

మాటలతో తగవు తీరదని 1888లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మొదటి కమిషనును నియమించింది. కుక్కలకు చచ్చేవరకు క్లోరోఫారం ఇచ్చి ఏది ముందు ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేల్చారు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం చేసిన పని మెచ్చదగినది. మీరే ఒక నిపుణుని పంపి స్వయంగా పరీక్షింపజేయండి అని వేయి పౌనులు ఇచ్చింది. వచ్చినవాడు సామాన్యుడు కాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ మందును 1867లో పరిచయం చేసిన లాడర్ బ్రంటన్. పైగా ఆయన గుండె పక్షంవాడు.

1889లో రెండవ కమిషను నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిపింది. ఈసారి కుక్కలతోపాటు కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు కూడా ఉన్నవి. అనేక ప్రయోగాలలో పాదరస మాపకంతో రక్తపు ఒత్తిడిని కొలిచి నమోదు చేశారు. ఆ రేఖలు చూచి బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవటం వలన, మోతాదు మించటం వలన. గుండెకు నేరుగా ప్రమాదమేమీ లేదని లండన్‌కు తంతి పంపాడు. పట్టు పట్టక సాక్ష్యానికి తలవంచిన వాడని నాకు ఆయనంటే గౌరవం. చిత్రమేమంటే, తలవంచిన ఆ సాక్ష్యం సరియైనది కాదు.

లోపమెక్కడ ఉన్నది? కొలతలలో లేదు. కమిషను అడిగిన ప్రశ్న, "ఎక్కువ క్లోరోఫారం ఇస్తే ఏమవుతుంది?" అని. హానా గ్రీనర్ పీల్చినది కొద్దిపాటి క్లోరోఫారం. ఆమెవంటివారు మత్తు పూర్తిగా ఎక్కకముందే చనిపోయారు. నాలుగు వందల జంతువులు ఒక విధంగా చచ్చినవంటే, రెండవ విధంగా చావు రాదని అర్థం కాదు గదా! పరీక్ష పేపర్లలో మా విద్యార్థులు కూడా ఈ పొరపాటు తరచుగా చేస్తుంటారు.

చిక్కుముడి విప్పినది 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ. ఆయన పిల్లులకు క్లోరోఫారం తేలికగా ఇచ్చి, ఆ స్థితిలో కొద్దిగా ఎడ్రినలిన్ ఎక్కించాడు. వెంటనే గుండె జఠరికలు క్రమం తప్పి గిలగిల వణకనారంభించినవి. అట్లా వణికే గుండె రక్తాన్ని ముందుకు తోయలేదు. మత్తు బాగా ఎక్కిన పిల్లులలో ఈ ప్రమాదం కనిపించలేదు. భయపడినప్పుడు, పెనుగులాడినప్పుడు శరీరం తనంతట తానే ఎడ్రినలిన్‌ను స్రవిస్తుంది. పదిహేనేండ్ల పిల్ల భయానికీ ఆమె మరణానికీ గల సంబంధం అరవై మూడేండ్లకు ఈ విధంగా అర్థమయింది.

మరి అఫ్జల్‌గంజ్ రోగులు ఎట్లా బతికారు? లారీ మత్తును తడబడక, ఆపి ఆపి ఇవ్వక, నిండుగా ఇప్పించేవాడు. అపాయకరమైన తేలిక మత్తు దశలో రోగి ఎక్కువసేపు ఉండేవాడు కాడు. కాబట్టి సిద్ధాంతం తప్పయినా చేతిపని రోగిని కాపాడిందని నా ఊహ. అయితే నాడి ముట్టుకోవద్దన్న నియమాన్ని మాత్రం సమర్థించలేము. ఈనాడు మత్తువైద్యుని ఎదుట ఉండే తెరపై గుండె చప్పుడుకు ఒక రేఖ, ఊపిరికి ఒక రేఖ నడుస్తుంటవి. క్లోరోఫారం మాత్రం ఆపరేషను గదులను వదలిపోయి చాలాకాలమయింది.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూడా మిగలలేదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద దానిని కూల్చివేసింది. తరువాత అక్కడ ఉస్మానియా ఆసుపత్రి వెలసింది. ఆవరణలోని పెద్ద చింతచెట్టు ఎక్కి ఆనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. హైదరాబాదు వెళ్ళినవారు ఆ చెట్టును ఇప్పటికీ చూడవచ్చు.