ఆదాము తర్వాత బేరసారాలు

మనిషి ఎప్పుడు చెడిపోయాడు? మన దగ్గర ఈ ప్రశ్నకు జవాబు తయారుగా ఉంటుంది: కలికాలం. ధర్మానికి నాలుగు కాళ్లలో ఒకటే మిగిలింది, ఇక మనమేం చేస్తాం అని ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. నేను వచ్చి స్థిరపడిన ఇంగ్లండులో మాత్రం ఇది కోర్టుకెక్కిన ప్రశ్న, సైన్యాధిపతి దాకా వెళ్లిన ప్రశ్న. అందులో ఒక పక్షంవాళ్లు చూపించిన ముద్దాయి ఎవరో తెలిస్తే హైదరాబాదు బేగంబజార్‌లో గల్లా ముందు కూర్చున్నవాళ్లంతా ఉలిక్కిపడతారు. కొనడం, అమ్మడం!

ఏదెను తోట కథ అందరికీ తెలిసిందే. అందులో ఆదాము హవ్వలు చేసిన తప్పు (క్రైస్తవులు దాన్నే పతనం అంటారు) బిడ్డలందరికీ పుట్టుకతోనే అంటుకుంటుందన్న వాదాన్ని గట్టిపరిచినవాడు అయిదో శతాబ్దపు అగస్టీన్. దానిలోంచి ఏలేవాళ్లు తమకు పనికొచ్చే లెక్క తీసుకున్నారు: జనం పుట్టు పాపులు, కాబట్టి వాళ్లను అదుపులో పెట్టడానికి రాజూ చట్టమూ ఉండాలి. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ ఫిల్మర్ ఇంకా ముందుకెళ్లి, ఆదామే మొదటి రాజు, రాజుల అధికారమంతా ఆయన వారసత్వమే అన్నాడు. కింది జనం కూడా అదే ఆదామును పట్టుకున్నారు. 1381 రైతు తిరుగుబాటులో జాన్ బాల్ అనే క్రైస్తవ గురువు, ఆదాము హవ్వలు ఒళ్లొంచి పనిచేసిన నాడు దొరలెక్కడున్నారని నిలదీశాడు. అతన్ని ఉరితీశారు. వాదన మాత్రం పోలేదు.

అది మళ్లీ లేచింది 1649లో. రాజుకూ పార్లమెంటుకూ మధ్య ఏడేళ్ల అంతర్యుద్ధం, వరసగా పాడైన పంటలు, మండుతున్న ధాన్యం ధరలు. జనవరి 30న రాజు మొదటి చార్లెస్ తల నరికారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జెరార్డ్ విన్‌స్టాన్లీ ఒక పుస్తకం రాశాడు. ఈయన పండితుడు కాదు, వ్యాపారి. లండన్‌లో బట్టల వ్యాపారం పెట్టి, యుద్ధం దెబ్బకు 1643లో దివాలా తీసి, సర్రీలోని కోబమ్‌లో పశువులు మేపుకుంటూ బతికాడు. దివాలా తీసిన వ్యాపారి వేదాంతం కదా అని మొదట నేను తేలిగ్గా తీసుకున్న మాట నిజం. కానీ ఆయన వాదం అంత తేలికది కాదు. ఆదాము ఆరు వేల ఏళ్ల కింద పోయిన ఒక మనిషి కాడు, ప్రతివాడి లోపలా ఉన్న ఆశే ఆదాము అంటాడు. అందరిదీ అయిన నేలకు ఒకడు కంచె కట్టి, దాన్ని అమ్మి, రెండోవాణ్ణి కూలికి పెట్టుకున్న నాడు జరిగిందే పతనం. అంటే పాపం వల్ల ఆస్తి అవసరం కాలేదు, ఆస్తి వల్లనే పాపం పుట్టింది. అగస్టీన్ నుంచి వస్తున్న లెక్క తలకిందులైపోయింది. దీనికి తోడు ఇంగ్లీషువాళ్లకు సొంత పతనం ఒకటి ఉంది: 1066లో నార్మండీ విలియం వచ్చి నేలనంతా తన సేనానులకు పంచిపెట్టడం. జమీందార్ల పట్టాలన్నీ ఆ దోపిడీ నుంచి వచ్చినవే అన్నది ఆయన అభియోగం.

ఏప్రిల్ మొదట్లో విన్‌స్టాన్లీ, అతనితో గుప్పెడు మంది సెయింట్ జార్జ్ హిల్ అనే కొండ మీద ఉమ్మడి బీడును తవ్వి క్యారెట్లు, చిక్కుళ్లు వేశారు. వాళ్లకు డిగ్గర్లు అని పేరుపడింది. ఫిర్యాదు పైకి వెళ్లింది. సైన్యాధిపతి ఫెయిర్‌ఫాక్స్ పిలిపిస్తే విన్‌స్టాన్లీ, అతని సహచరుడు ఎవెరార్డ్ టోపీ తీయకుండా నిలబడ్డారు. నువ్వూ మాలాంటి మనిషివే అని అర్థం. ఫెయిర్‌ఫాక్స్ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నది స్థానిక భూస్వాములు. దావాలు వేశారు, పైర్లు తొక్కించారు. కొండ వదిలి కోబమ్‌కు మారితే అక్కడ 1650 వసంతంలో గుడిసెలు తగలబెట్టారు. ఆ పని చేయించిన జాన్ ప్లాట్ భూస్వామే కాక చర్చి గురువు కూడా. ఆదిపాపం గురించి అతను ఆదివారాలు ఏం బోధించేవాడో వినాలని ఉంటుంది నాకు.

1652లో, ఫెయిర్‌ఫాక్స్ తర్వాత సైన్యాధిపతి అయిన క్రామ్‌వెల్‌కు అంకితమిచ్చిన పుస్తకంలో విన్‌స్టాన్లీ తన రాజ్యానికి చట్టాలు రాశాడు. పండించినవాళ్లు ఉమ్మడి గిడ్డంగిలో పోస్తారు, కావలసినవాళ్లు ఊరకే పట్టుకెళతారు. నేలనో దాని ఫలాన్నో కొన్నా అమ్మినా మరణశిక్ష. అంటే మన బేగంబజార్ చుట్టుపక్కల ఫీల్‌ఖానా నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఒక్కడూ మిగలడు. ఈ మాట రాసినాయన చివరికి లండన్‌లో ధాన్యం వ్యాపారిగా 1676లో పోయాడు. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. గుడిసె కాలినవాడు పొట్ట పోసుకోవాలి కదా.

ఆదామునే పట్టుకున్న కవి మిల్టన్‌ది ఇంకో దారి. అదే 1649లో కొత్త ప్రభుత్వంలో ఉద్యోగానికి చేరి, కళ్లు పోగొట్టుకుని, 1660లో రాజు కొడుకు తిరిగొచ్చాక అన్నీ పోయి, 1667లో ఆదాము పతనం మీద ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యం ప్రచురించాడు. చేతికొచ్చిన తొలి మొత్తం 5 పౌండ్లు. లోకానికి గుర్తున్నది ఆయన ఆదామే. చరిత్ర చదివేవాళ్లు విన్‌స్టాన్లీ ఆదామును కూడా పక్కన పెట్టుకు చదవాలి.

ఇక మన బజారుకొస్తే, బేగంబజార్ పుట్టుకే వర్తకం కోసం. నిజాం అలీఖాన్ బేగం హుమ్దా బేగం వ్యాపారులకిచ్చిన నేల అది. అక్కడ పక్కపక్క కొట్లలోనే వేరువేరు పతనాలు కాపురముంటాయి. ముస్లిం పొరుగువారి కథలో ఆదం తప్పు చేశాడు, పశ్చాత్తాపపడ్డాడు, అల్లా క్షమించాడు. బిడ్డల ఖాతాలో బాకీ లేదు. జైన సేట్ల కథలో కాలం దిగజారి కల్పవృక్షాలు ఎండిపోతే, ఋషభదేవుడు జనానికి బతుకుతెరువులు నేర్పాడు, వాటిలో సేద్యంతో పాటు వాణిజ్యమూ ఉంది. పడ్డవాడు లేవడానికి ఇచ్చిన చేయి అది.

నాకు మాత్రం బౌద్ధుల దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తం ఎక్కువ నచ్చుతుంది. ఆదిలో బియ్యం పొట్టు లేకుండా దానంతటదే పండేదట. పూటపూటకూ వెళ్లడానికి బద్ధకించి ఒకడు రెండు పూటలకు సరిపడా తెచ్చుకున్నాడు. అది చూసి ఇంకొకడు రెండు రోజులకు, మరొకడు నాలుగు రోజులకు. గింజకు పొట్టు వచ్చింది, కోసిన చోట మళ్లీ మొలవలేదు, పొలాలకు గట్లు పడ్డాయి, దొంగతనం మొదలైంది, దాన్ని అదుపు చేయడానికి రాజును ఎన్నుకున్నారు. ఇక్కడ తప్పు అమ్మినవాడిది కాదు, దాచినవాడిది. సరుకు ఇవాళ తెచ్చి రేపటికి అమ్మే మా నాయన లాంటివాళ్లనూ, కందిపప్పు గోడౌనులో తొక్కిపెట్టి ధర కోసం కాచుకునేవాళ్లనూ ఒకే ఉరికంబానికి ఎక్కించడం విన్‌స్టాన్లీ చేసిన అన్యాయం.

డిగ్గర్లు తవ్విన ఆ కొండ ఇప్పుడు గేట్లూ కాపలాదార్లూ ఉన్న కోటీశ్వరుల కాలనీ, మధ్యలో గోల్ఫ్ మైదానం. విన్‌స్టాన్లీ స్మారక శిల కొండ మీద లేదు, వేబ్రిడ్జ్ రైల్వే స్టేషన్ దగ్గర ఉంది.

ఉమ్మడి గిడ్డంగి అనగానే మా నాయన అయితే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అడుగుతాడు. విన్‌స్టాన్లీకీ ఆ అనుమానం తట్టింది. ఆస్తి లేని ఆ రాజ్యంలో కూడా అధికారులనూ పర్యవేక్షకులనూ ఏటేటా కొత్తగా ఎన్నుకోవాలనీ, ఒకే కుర్చీలో ఎక్కువకాలం కూర్చున్నవాడు చెడిపోతాడనీ ఆయనే రాసుకున్నాడు.