విస్తళ్ల దగ్గర రభస

కృష్ణరాయపురం అగ్రహారం, అగ్నిహోత్రావధాన్ల ఇల్లు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం, రెండో అంకం. విస్తళ్లు వేశారు. పంక్తిలో ఓ చివర మీరూ సర్దుకుని కూర్చోండి, కాస్త దూరంగానే. ఈ ఇంట్లో ఎప్పుడు ఏది మీదికొచ్చి పడుతుందో చెప్పలేం. అదిగో అవధాన్ల కొడుక్కి చదువు చెప్పే గిరీశం, అటు పక్క అవధాన్ల బావమరిది కరటకశాస్త్రి. అవధాన్ల భార్య వెంకమ్మ వడ్డన చూస్తోంది.

చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తున్నానని అవధాన్లు కబురు చెప్పాడు. అంతే, వెంకమ్మ గొంతు మారిపోయింది. పెద్దకూతురు బుచ్చమ్మ ఇలాంటి పెళ్లే అయ్యి, వితంతువై అదే ఇంట్లో తిరుగుతోంది మరి. ఈ సంబంధం చేస్తే కొంపకి నిప్పెడతానంటాడు కరటకశాస్త్రి. అవధాన్లు ఉత్తరాపోశనమైనా పట్టకుండా లేచి, చెంబెడు నీళ్లూ బావమరిది నెత్తిన దిమ్మరించేశాడు. మీకు నవ్వాగదు. ఆ నవ్వు ఇంకా నోట్లో ఉండగానే పెరట్లోంచి కేక: వెంకమ్మ నూతిలో దూకింది!

‘మరీ ఇంత చేస్తారా ఎవరైనా? గురజాడ ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాడు’ అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు.

అయితే ఒక్కసారి పేజీలు వెనక్కి తిప్పి, 1897 తొలి ముద్రణకు ఆయన ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట చూడండి. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవట. ఆ బేరాల్లో చెంబులు లేచి ఉండవు. తాంబూలాలు పుచ్చుకుని మర్యాదగానే కుదిరి ఉంటాయి.

మళ్లీ పెరట్లోకి రండి, అంతా నూతి చుట్టూ మూగారు. నన్నడిగితే ఈ ఇంట్లో అతి చెయ్యనిది వెంకమ్మ ఒక్కతే. మొగుడికి కోపం ఉంది, తమ్ముడికి నోరుంది. ఆవిడ మాట చెల్లే చోటు ఆ నుయ్యి తప్ప ఇంకెక్కడుంది? ఇంత జరిగాక తమ్ముడికి ఓ ఉపాయం తోస్తుంది: శిష్యుడికి ఆడవేషం కట్టి, అదే లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురని అమ్మెయ్యడం. ఆ కొంపలో తెలివైన ఆలోచనంటే అదీ!